పాత బొలెరో పికప్: లోడ్ వేస్తే హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లల్లో కొడుతున్నాయి, ఎలా సెట్ చేసుకోవాలి?

టమాటా బండి, మొయినాబాద్:

అన్నలందరికీ నమస్తే. నాది 2012 మోడల్ బొలెరో పికప్. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల ఊళ్ల నుంచి బోయిన్‌పల్లి మార్కెట్‌కు టమాటా, క్యారెట్ వేస్తాను. రాత్రి లోడ్ అయ్యాక చేవెళ్ల రోడ్డు మీద అప్పా జంక్షన్ దాకా వచ్చి, అక్కడ ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి, కండ్లకోయ దగ్గర దిగుతాను. ఓఆర్ఆర్ మీద ఇబ్బంది లేదు, మధ్యలో డివైడర్ ఉంటుంది. బాధంతా చేవెళ్ల రోడ్డు మీదే. రెండు పక్కలా మర్రిచెట్లు, ఎదురుబండి వస్తే పక్కకు జరగడానికి చోటు ఉండదు.

ట్రేలు వేశాక నేను డిమ్‌లో పోతున్నా ఎదురొచ్చే ప్రతి బండీ నాకు లైట్ కొడుతోంది. హై బీమ్‌లో వస్తున్నానని వాళ్లు అనుకుంటున్నారు. మొన్న కనకమామిడి దగ్గర ఒక బైకతను కళ్లకు చేయి అడ్డం పెట్టుకుని రోడ్డు దిగి మట్టిలోకి పోయాడు. దేవుడి దయ, పడలేదు. నేను బండి ఆపి మాట్లాడితే, "అన్నా, నీ కుడి లైటు నాకు ఏమీ కనపడనీయలేదు" అన్నాడు. ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన.

అదే బండి ఖాళీగా తిరిగొస్తుంటే వెలుగంతా బంపర్ ముందే పడుతుంది, దూరం కనపడదు. దసరా ముందు ఒక ట్రాక్టర్ ట్రాలీ రాసుకుపోతే కుడివైపు డూమ్ (బల్బు చుట్టూ ఉండే మెరుపు గిన్నె) మార్పించాను. అప్పటి నుంచి ఇంకా ఎక్కువైంది. ఒకరు లైటు పై సగానికి నల్ల టేపు అతికించమన్నారు. ఇంకొకరు ఎల్ఈడీ వేసుకుంటే అన్నీ సర్దుకుంటాయన్నారు. బానెట్ ఎత్తి చూస్తే ఒక్కో లైటు వెనక రెండు స్క్రూలు కనిపిస్తున్నాయి. ఏది దేనికో తెలియక ముట్టుకోలేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

విజయవాడ హైవే డ్రైవర్:

బ్రదర్, ఎల్ఈడీ వేయించు. నేను నా బండికి వేయించాను, తెల్లగా పగలులా కనపడుతుంది. పాత హాలోజెన్‌తో ఎంత తిప్పినా అంతే. స్క్రూలు తిప్పుతూ కూర్చుంటే టైమ్ వేస్ట్.

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:

తమ్ముడూ, టేపు అతికించకు, ఎల్ఈడీ కొనకు. ఆ బైకతను చెప్పిన మాటలోనే సగం జవాబు ఉంది. అతను రెండు లైట్లూ అనలేదు, కుడి లైటు అన్నాడు. దాని సంగతి తర్వాత చెబుతా. ముందు టేపు ఎందుకు వద్దో విను.

నీ లైట్లలో ఉండే హెచ్4 హాలోజెన్ బల్బులో రెండు ఫిలమెంట్లు ఉంటాయి. డిమ్‌కు 55 వాట్లు, హై బీమ్‌కు 60 వాట్లు. డిమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు దొప్ప ఉంటుంది. బల్బు చేతిలో పట్టుకుని చూస్తే కనపడుతుంది. ఆ దొప్ప అడ్డం ఉండటం వల్ల వెలుగు డూమ్ కింది సగానికి తగలదు, పై సగానికే తగిలి అక్కడి నుంచి రోడ్డు మీదికి దిగుతుంది. అంటే నీ డిమ్ లైటంటే డూమ్ పై సగమే. దాన్ని టేపుతో మూస్తే రోడ్డు మీద వెలుగు పోతుంది, చీకట్లో నువ్వే ఇబ్బంది పడతావు. పూర్వం లైటు మీద నల్లరంగు పూసే అలవాటు ఉండేది, ఆ మాట ఇంకా అలాగే నడుస్తోంది.

ఎల్ఈడీ సంగతి కూడా ఇదే. పైన రాసిన బ్రదర్‌కు తన ముందు రోడ్డు తెల్లగా కనపడుతుంది, కాదనను. ఎదుటివాడికి ఏం కనపడుతుందో తన సీట్లో కూర్చుంటే తెలియదు. ఆ డూమ్ ఫిలమెంట్ కోసం తయారైంది. వెలుగు పుట్టే చోటు ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా గోడ మీద గీత, అంటే వెలుగు పై అంచు, చెదురుతుంది. నా దగ్గరికి ఎల్ఈడీ వేసుకున్న బళ్లు వస్తుంటాయి, చాలావాటికి గోడ మీద సరైన గీతే దొరకదు. గీత లేనప్పుడు నేను స్క్రూ తిప్పి దేన్ని సెట్ చేయాలి?

ఇప్పుడు అసలు పని. స్క్రూలకంటే ముందు వెనక కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) చూపించు. ఎందుకంటే ఖాళీగా బంపర్ ముందు పడే లైటు లోడ్ వేయగానే ఎదుటివాళ్ల కళ్లల్లోకి పోతోందంటే, బండి వెనక భాగం మామూలుకన్నా ఎక్కువ కుంగుతోంది. లెక్క చెబుతా. నీ బండి ముందు ఇరుసుకు, వెనక ఇరుసుకు మధ్య దూరం దాదాపు 3 మీటర్లు. లోడ్ పడ్డాక ముందుకన్నా వెనక 6 సెంటీమీటర్లు ఎక్కువ దిగిందనుకో, 2 శాతం వాలు వచ్చినట్టు. ఖాళీ బండికి 1 శాతం, అంటే మీటరు దూరానికి ఒక సెంటీమీటరు చొప్పున, కిందికి సెట్ చేసిన లైటు అప్పుడు 1 శాతం పైకి చూస్తుంది. లైటు నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 50 మీటర్ల అవతల దాని పై అంచు 140 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. స్కూటర్ మీద పోయే మనిషి కళ్లు దాదాపు ఆ ఎత్తులోనే ఉంటాయి. ఇది మంచి పట్టీలున్న బండి లెక్క. నీది ఇంకా ఎక్కువే దిగుతూ ఉండొచ్చు.

పట్టీలు సరిచేశాక నాలుగు టైర్లలోనూ లోడ్‌కు తగ్గ గాలి కొట్టించు. ఇక లైటును ఖాళీ బండి మీద సెట్ చేయకు. రాత్రిపూట రోజూ ఎంత లోడ్‌తో పోతావో అంత లోడ్ వేసి, నువ్వు సీట్లో కూర్చునే బరువు కూడా ఉండేలా చూసుకుని సెట్ చెయ్యి. షెడ్లలో ఖాళీ బండికి సెట్ చేసి పంపేస్తారు. కారుకు అది సరిపోతుందేమో, టన్ను బరువెత్తే బండికి సరిపోదు. కొన్ని బళ్లకు డ్యాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే నాబ్ ఉంటుంది. అది ఉన్నవాళ్లు 0లో పెట్టి ఖాళీ బండికి సెట్ చేసుకుని, లోడ్‌ను బట్టి 1, 2 అని తిప్పుకోవచ్చు. నాబ్ లేకపోతే లోడే లెక్క.

చోటు కావాలంటే గోదామో, ఫంక్షన్ హాలో, ఏదో ఒక నున్నటి గోడ, దాని ముందు సిమెంటు నేల చూసుకో. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు తెచ్చుకుని ముందు చక్రం, వెనక చక్రం, గోడ అడుగు మూడూ ఒకే మట్టంలో ఉన్నాయో లేదో చూడు. చాలామంది దీన్ని వదిలేస్తారు. నేల ఒక్క శాతం వాలినా నువ్వు చేసిందంతా తప్పవుతుంది.

బండిని గోడకు దాదాపు ఆనించి నిలబెట్టు. ఒక్కో లైటు మధ్యలో బల్బు ఉన్న చోటుకు ఎదురుగా గోడ మీద మాస్కింగ్ టేపుతో ప్లస్ గుర్తు పెట్టు. తర్వాత స్టీరింగ్ కదపకుండా తిన్నగా వెనక్కి రా. లైటు నుంచి గోడకు సరిగ్గా 5 మీటర్లు ఉండాలి, టేపుతో కొలువు. బండిని నాలుగు మూలలా ఒత్తి ఊపి వదిలితే స్ప్రింగులు తమ చోటికి వస్తాయి. ప్లస్ గుర్తులకు 5 సెంటీమీటర్ల కింద ఒక అడ్డగీత వెయ్యి. 5 మీటర్లకు 5 సెంటీమీటర్లంటే అదే 1 శాతం.

ఇంజన్ స్టార్ట్ చేసి డిమ్ వెయ్యి. ఒక లైటు కప్లర్ (బల్బు వెనక వైర్ల ప్లగ్గు) పీకేసి రెండోదాన్ని మాత్రమే చూడు. గోనెసంచి కప్పి మూయొద్దు, ప్లాస్టిక్ గ్లాసు వేడెక్కి పాడవుతుంది. గోడ మీద వెలుగు పై అంచు ఇలా ఉండాలి: కుడి సగం అడ్డంగా తిన్నగా, మధ్య నుంచి ఎడమవైపు ఏటవాలుగా పైకి లేచి. మనం ఎడమపక్క నడుస్తాం కాబట్టి ఎడమ అంచున నడిచేవాళ్లు, బోర్డులు కనపడటానికి ఆ లేపు. కుడివైపు ఎదుటివాళ్లు ఉంటారు కాబట్టి అక్కడ తిన్నగా కోసినట్టు ఉండాలి. ఆ తిన్నటి భాగం నువ్వు వేసిన కింది గీత మీద కూర్చోవాలి. లేపు మొదలయ్యే మలుపు ప్లస్ గుర్తుకు నేరుగా కింద ఉండాలి. కొంచెం ఎడమకు పోయినా ఫర్వాలేదు, కుడికి మాత్రం పోకూడదు.

స్క్రూలు ఏది దేనికో తెలుసుకోవడానికి ఒకదాన్ని పావు చుట్టు తిప్పి గోడ వైపు చూడు. వెలుగు పైకీ కిందికీ కదిలితే ఎత్తుది, పక్కలకు కదిలితే రెండోది. ఒకదాన్ని తిప్పితే రెండోది కూడా కాస్త కదులుతుంది, అందుకే మార్చి మార్చి చూసుకోవాలి. పాత బళ్లలో ప్లాస్టిక్ పళ్లు ఎండిపోయి ఉంటాయి, బలం పెట్టకు. స్క్రూ తిరుగుతున్నా వెలుగు కదలకపోతే లోపల పళ్లు అరిగినట్టే. హై బీమ్‌కు వేరే స్క్రూలు ఉండవు. డిమ్ సరిగా కూర్చుంటే అదీ ప్లస్ గుర్తు దగ్గరే పడుతుంది.

ఇక ఆ కుడి లైటు. డూమ్ మార్చాక ఎక్కువైందన్నావు కదా, వెనక రబ్బరు తీసి బల్బు కూర్చున్న తీరు చూడు. హెచ్4కు మూడు చెవులుంటాయి, పైన ఉండేది వెడల్పు. మూడూ వాటి గాడుల్లో కూర్చున్నాకే తీగ క్లిప్పు పడాలి. ఒక చెవి గాడిలో పడకుండా క్లిప్పు బలవంతంగా వేస్తే, దొప్ప పక్కకు తిరిగి వెలుగు చెట్ల కొమ్మల్లోకి పోతుంది. అలాంటిదానికి స్క్రూ ఎంత తిప్పినా లాభం లేదు.

స్కూటీ, నైట్ డ్యూటీ:

నేను డ్రైవర్‌ను కాను, ఎదురొచ్చేవాళ్లలో ఒకదాన్ని. రాత్రి డ్యూటీకి కాళీమందిర్ వైపు నుంచి లంగర్‌హౌజ్ మీదుగా పోతాను. ఎదుటి లైటు కళ్లల్లో పడ్డాక అది దాటిపోయినా రోడ్డు వెంటనే కనపడదు. ముందు గుంత ఉందా, కుక్క ఉందా, మనిషి ఉన్నాడా ఏమీ తెలియదు. వాన పడ్డ రాత్రి హెల్మెట్ అద్దం మీది చుక్కలన్నీ వెలిగిపోయి ఇంకా కష్టం. బ్రేక్ వేద్దామంటే వెనక ఎవరున్నారో అని భయం. తమ్ముడూ, నువ్వు ఆగి ఆ బైకతన్ని అడిగావు చూడు, నాకు ఇన్నేళ్లలో అలా ఆగి అడిగినవాళ్లు ఎవరూ తగల్లేదు. తప్పకుండా సెట్ చేయించు.

ఎలక్ట్రీషియన్ అన్నగారూ, నాదొక ప్రశ్న. లైటు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి గోడ, కొలతలు ఏమీ లేకుండా దారేమైనా ఉందా?

ఫిట్‌నెస్ పనులు చేసేవాణ్ణి, ఉప్పల్:

ఆ దారి రూల్లోనే ఉందమ్మా. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 106వది చూడండి. లైటుకు 8 మీటర్ల ముందు, లైటు కుడి అంచుకు అర మీటరు కుడిగా, నేల నుంచి ఒకటిన్నర మీటర్ల ఎత్తులో కళ్లుంటే ఆ కళ్లకు మిరుమిట్లు గొలపకూడదు. 26 అడుగులు (ఫీట్లు) కొలిచి నిలబడితే 8 మీటర్లు దాదాపుగా వస్తుంది. ఒకటిన్నర మీటర్లంటే చాలామందికి గడ్డం, కళ్ల మధ్య ఎక్కడో ఉంటుంది, కొంచెం వంగితే చాలు.

బొలెరో తమ్ముడూ, 8 ఏళ్లు దాటిన ట్రాన్స్‌పోర్ట్ బండికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఏడాదికే ఇస్తారు. ఎలాగూ ఏటా చూపించాలి కాబట్టి పట్టీలు, లైట్లు ఇప్పుడే చేయించుకుంటే అప్పుడు టెన్షన్ ఉండదు.

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:

ఉప్పల్ అన్న చెప్పిన పరీక్ష మంచిదే, కానీ అది నెగ్గితే చాలనుకోవద్దు. 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న లైటు 8 మీటర్ల దగ్గర ఒకటిన్నర మీటర్లు తాకాలంటే ఏడున్నర శాతం పైకి చూస్తూ ఉండాలి. 1 శాతం పైకి లేచిన లైటు ఆ పరీక్ష దాటేస్తుంది, 50 మీటర్ల అవతల మాత్రం స్కూటీ అమ్మాయి కళ్లల్లో పడుతుంది. బల్బు వంకరగా కూర్చున్న లైటయితే 8 మీటర్ల దగ్గరే దొరికిపోతుంది. బల్బును దాంతో పట్టుకోండి, ఎత్తును గోడ మీద చూసుకోండి.

టమాటా బండి, మొయినాబాద్:

అన్నా, నువ్వు చెప్పినట్టే ఉంది. కుడి బల్బు పై చెవి గాడిలో లేదు, దాని అంచు డూమ్ మీద ఎక్కి కూర్చుంది, క్లిప్పు మాత్రం వేసి రబ్బరు తొడిగేశారు. తీసి సరిగా పెట్టగానే గోడ మీద గీత దానంతట అదే కనపడింది. అంతకుముందు ఉత్త తెల్ల మచ్చలా ఉండేది. వెనక ఎడమవైపు కమాన్‌లో రెండో పట్టీ విరిగి ఉంది. బురద పట్టి ఉండటంతో పైకి కనపడలేదు, కడిగాక చీలిక తేలింది. మార్పించాను.

మా ఊళ్లో గోదాము గోడ దగ్గర, ట్రేలు ఎక్కించాకే చేశాను. రైతు, హమాలీలు కూడా నిలబడి చూశారు. మేస్త్రీ ట్యూబు తెచ్చిన తర్వాత తెలిసింది, మొదట అనుకున్న చోట నేల గోడ వైపు వాలి ఉంది. పక్కకు జరిపి చేశాం. ఎడమది పెద్దగా తిప్పాల్సిన పని పడలేదు, కుడిది చాలా కిందికి దించాల్సి వచ్చింది. రాత్రి మార్కెట్‌కు పోయేటప్పుడు చేవెళ్ల రోడ్డు మీద నాకు లైట్ కొట్టినవాళ్లు లేరు.

రెండు సంగతులు మిగిలాయి. ఖాళీగా వచ్చేటప్పుడు ఇప్పటికీ దూరం తక్కువే. రెండోది, మొత్తంగా వెలుగు పచ్చగా, నీరసంగా ఉంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే ఇంజన్ ఆన్‌లో బ్యాటరీ దగ్గర 13.9 వోల్టులు, లైటు వెలుగుతుండగా బల్బు కప్లర్ దగ్గర 11.6 చూపిస్తోంది. 100/90 వాట్ల బల్బులు వేస్తే సరిపోతుందా?

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:

వెయ్యకు. వైరే సరిగా కరెంటు ఇవ్వనప్పుడు పెద్ద బల్బు వేస్తే స్విచ్చు, కప్లర్ కాలిపోతాయి. నీకు పోతున్న 2.3 వోల్టులు మామూలు విషయం కాదు. హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీకన్నా చాలా వేగంగా పడిపోతుంది, ఈ లెక్కన నీకు దాదాపు సగం వెలుగే వస్తోంది. బల్బు మంచిదే, తిండి చాలడం లేదు.

ముందు లైట్ల ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు గీకి, మళ్లీ బిగించి కొలిచి చూడు. ఒక్కోసారి అంతటితోనే తేలిపోతుంది. తేలకపోతే రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చులు) పెట్టించు, డిమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి. బ్యాటరీ నుంచి నేరుగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీ పక్కనే 15 యాంప్స్ ఫ్యూజు. పాత స్విచ్చు రిలేను ఆన్ చేసే పని మాత్రమే చేస్తుంది, బల్బుల కరెంటు దాని గుండా పోదు. రెండు 55 వాట్ల బల్బులకు కలిపి దాదాపు 9-10 యాంప్స్, ఆ ఫ్యూజు చాలు. కప్లర్ నల్లబడి ఉంటే సిరామిక్‌ది వేయించు.

ఖాళీ బండి సంగతి. ఈ సెట్టింగులో ఖాళీగా లైటు 3 శాతం కిందికి చూస్తే, డిమ్ 30 మీటర్ల దాకానే అందుతుంది. 60 స్పీడులో ఆ దూరం రెండు సెకన్లు కూడా పట్టదు. ఎదురుగా ఎవరూ లేనప్పుడు హై బీమ్ వాడుకో, బండి రాగానే దించు, డిమ్‌లో ఉన్నంతసేపు 40 దాటకు. ఖాళీ కోసం లైటు పైకెత్తితే మళ్లీ లోడ్‌లో మొదటి కష్టమే వస్తుంది. అదనపు పట్టీ వేయిస్తే తేడా తగ్గుతుందని షెడ్డులో చెబుతారు. తగ్గుతుంది, కానీ ఖాళీ బండి గుంతల్లో ఎగురుతుంది, నేనైతే వేయించను.

టమాటా బండి, మొయినాబాద్:

సరే అన్నా, ఎర్త్ రేపే గీకుతా. పట్టీ కొత్తది కదా, మళ్లీ సెట్ చేయాల్సి వస్తుందా?

రాణిగంజ్ ఆటో ఎలక్ట్రీషియన్:

వస్తుంది. కొత్త పట్టీ కొన్ని లోడ్లు పడ్డాక కొంచెం దిగి కుదురుకుంటుంది. గోడ మీద గుర్తులు చెరపకుండా ఉంచు, బండి నిలబెట్టిన చోట చక్రాల దగ్గర నేల మీద సుద్దతో గీత గీసుకో. నెల తర్వాత అదే చోట, అంతే లోడ్‌తో మళ్లీ చూడు. రెండు లైట్లలో బల్బు ఉన్న చోటు ఎత్తు నేల నుంచి కొత్తగా కొలువు, ఎందుకంటే ముందు భాగం కూడా కాస్త మారి ఉండొచ్చు. పాత గీతను నమ్మకుండా, కొత్త ఎత్తుకు 5 సెంటీమీటర్ల కింద కొత్త గీత వేసుకో.